వినబడితే వేలెత్తండి

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. మా బాపు చెవులకు పరీక్ష పెట్టిన మొదటి రోజే, ఆయన చూపు నా బొటనవేలి మీద ఉందని నేను గమనించాను. హెడ్‌ఫోన్ పెట్టుకొని నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఫోన్ మీద వేలు నొక్కిన ప్రతిసారీ ఆయన చూపుడువేలు లేచేది. నాలుగైదు సార్లయ్యాక నాకు అనుమానం వచ్చింది. ఫోన్‌ను కొంచెం చున్నీ చాటుకు తెచ్చుకుంటే సరిపోయేది. తెచ్చుకోలేదు. బళ్ళో జవాబు తెలిసిన పిల్లవాడిలా ఆయన వేలెత్తుతుంటే నాకు చెయ్యి రాలేదు. కాగితం మీద "విన్నాడు", "విన్నాడు" అని గుర్తులు పెట్టుకుంటూ పోయాను.

ఆ కాగితమే తర్వాత మా ఇంట్లో ఒక వాదనను గెలిపించింది.

మాది తంగళ్ళపల్లి. బాపు సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మా దగ్గర అట్లా అంటారు. నేను పుట్టకముందు నుంచి ఆ చప్పుడులోనే ఉన్నాడు. అమ్మ ఇంట్లో బీడీలు చేస్తుంది. పోయిన ఎండాకాలం పని తగ్గి, వారంలో సగం రోజులు సాంచాలు ఆగే ఉండేవి. బాపు దోస్తు ఒకాయన తన ఆటో ఉత్తగా ఉందని, ఊరి నుంచి సిరిసిల్లకు మనుషులను తిప్పమని అడిగాడు. బాపుకు చాలా ఇష్టమైంది. అమ్మకే ఇష్టం కాలేదు.

"ఎనుకకెల్లి పిలిస్తె పలుకవు. ఎనుక బండి అస్తె ఎట్ల తెలుస్తది నీకు?"

"నువ్వు పిలిస్తె పలుక గాని, లారీ పిలిస్తె పలుకుత," అన్నాడు బాపు.

"నవ్వులాట కాదు. మొన్న గిన్నె కింద పడితె గూడ మర్లి సూడలే."

ఆ వాదన రెండు వారాలు సాగింది. నేను ఇంటికి వచ్చి పరీక్ష చేశాక బాపు నా కాగితం తీసుకెళ్ళి అమ్మ చాట మీద, బీడీల పక్కన పెట్టాడు. "సూడు. మన బిడ్డ రాసింది. నా చెవులు పడుసు పిలగాని లెక్కున్నయట." అమ్మకు చదువు రాదు. గళ్ళ కాగితం మీది చుక్కలను చూసి, నన్ను చూసింది. "నిజమేనా బిడ్డ?" అంది. నేను తల ఊపాను. శుక్రవారం నుంచి ఆటో నడపాలని తేలిపోయింది.

నేను జగిత్యాలలో ఉండి స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు కోసం మా మేడమ్ ఒక విషయం ఇచ్చింది: కొన్ని కొలతలు మెల్లమెల్లగా మారవు, ఉన్నట్టుండి ఒక చోట తెగిపోతాయి, ఆ తెగిన చోటును తక్కువ ప్రయత్నాలతో ఎట్లా కనుక్కోవాలి? మేడమ్‌ది బుగ్గారం దిక్కు. ఆమె చెప్పే ఉదాహరణల్లో ఎప్పుడూ ఒక చేను ఉంటుంది.

"చీకట్ల చేనుకు పోయినవ్ అనుకో. చేన్ల గట్టు లేని బావి ఉంది. నీ చేతుల కట్టె ఉంది. పది అడుగులకొకసారి పొడిచి చూసుకుంట పోతవ్. బావి ఎనిమిది అడుగుల వెడల్పే ఉంటే?"

"రెండు పోట్ల నడుమ పడుతది మేడమ్."

"రెండు పోట్లకూ నేల తాకింది కదా అని నువ్వు నడుమ గీత గీస్తవ్. అంటే ఏం చేసినట్టు?"

నాకు జవాబు తెలిసినా గొంతు రాదు.

"బావి మీదికెల్లి బాట వేసినట్టు," అని ఆమే చెప్పింది.

వినికిడిని తీసుకుంటానని అన్నది నేనే. బాపును తలుచుకొని కాదని అప్పుడు అనుకున్నాను. గళ్ళ కాగితం మీద అడ్డంగా శబ్దం సన్నదనం: ఎడమ వైపు బొంగురు శబ్దాలు, కుడి వైపు ఈల లాంటివి. నిలువుగా ఎంత గట్టిగా అన్నది. ప్రతి గడీ ఒక ప్రశ్న: ఇంత సన్నని శబ్దం, ఇంత గట్టిగా వస్తే వినబడిందా, లేదా? వినబడే గళ్ళకూ వినబడని గళ్ళకూ నడుమ ఒక అంచు ఉంటుంది. అది చాలామందిలో వయసుతో పాటు మెల్లగా దిగుతుంది. పెద్ద చప్పుళ్ళలో ఏళ్ళ తరబడి బతికిన వాళ్ళలో మాత్రం ఒక చోట బావిలా కూలిపోతుంది, ఆ అవతల మళ్ళీ కొంచెం లేస్తుంది. అన్ని గళ్ళనూ అడగడం కుదరదు. నలభై ప్రశ్నలు దాటితే ఎవరి చెవికైనా విసుగొచ్చి అబద్ధం చెబుతుంది. అందుకని మొదట కొన్ని ప్రశ్నలు దూరం దూరంగా వేసి, జవాబు మారిన రెండు గళ్ళ నడుమకు మిగతా ప్రశ్నలను దగ్గరగా చేర్చుకుంటూ పోవాలి. ఆ నియమాలు రాయడమే నా ప్రాజెక్టు.

నలభైలో ఆరు ఖాళీ ప్రశ్నలుండాలని మేడమ్ చెప్పింది. అంటే శబ్దమేమీ రాకుండా ఉత్తగా మీట నొక్కడం. నాకు అవి దండగనిపించాయి. ఆ ఆరింటినీ అంచు దగ్గర వాడుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది కదా అని తీసేశాను. అడగకుండానే తీసేశాను, అడగాలంటే ఆమె గదిలోకి వెళ్ళి మాట్లాడాలి.

చప్పుడులో పని చేయని వాళ్ళతో పోల్చడానికి కోరుట్ల వెళ్ళాను. అక్కడ మా పెద్దమ్మ ఉంటుంది. ఆమె ఇంటి ముందర గదిలో మధ్యాహ్నం ఏడెనిమిది మంది ఆడవాళ్ళు చేరి, ఒళ్ళో చాటలు పెట్టుకొని బీడీలు చేస్తారు. నేను వెళ్ళి ఏం చేయాలో చెబితే ఎవరికీ వినబడలేదు.

"గీ పిల్ల నోట్లకెల్లి మాట రాదు, మనకు చెవుల పరీక్ష వెడ్తదట," అంది ఒకావిడ.

"అందుకే, మనకన్న చెవులున్నయా లెవ్వా అని సూస్తాంది," అంది పక్కావిడ.

పెద్దమ్మ నా తరఫున గట్టిగా చెప్పింది: శబ్దం వినబడితే వేలెత్తాలి.

"వేళ్ళు ఖాళీ లెవ్వక్కా. 'ఆఁ' అంటం తియ్."

అట్లాగే చేశాం. ఒక్కొక్కరికి హెడ్‌ఫోన్ పెట్టాను. వాళ్ళ కళ్ళు ఆకు మీద నుంచి లేవలేదు. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, మధ్యలో "ఆఁ". ఎవరూ నా వైపు చూడలేదు. నాకు అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు. సాయంత్రానికి కాగితాల మీద అంచులు చక్కగా వచ్చాయి. వయసు పెరిగిన వాళ్ళకు కుడి వైపు కొంచెం దిగి, పడుచు వాళ్ళకు తిన్నగా.

తర్వాతే సిరిసిల్ల. సాంచాలు ఆగిన రోజు షెడ్డు వెనుక గదిలో బాపుతో పని చేసే వాళ్ళను కూర్చోబెట్టాను. వాళ్ళు నవ్వుతూనే వచ్చారు.

"ఇనవడితె వేలెత్తాలె. ఇనవడకుంటె?"

"కాలెత్తు."

వాళ్ళు నా ఎదురుగా కూర్చొని, నా వైపు చూస్తూ వేళ్ళెత్తారు. వినలేదన్న గుర్తులు అక్కడొకటి ఇక్కడొకటి, ఒక వరుస లేకుండా వచ్చాయి. ఎవరో తలుపు దగ్గర నిలబడినప్పుడు, బయట బండి ఆగినప్పుడు, చూపు అటు పోయినప్పుడు. నేను వాటిని పొరపాట్లనుకొని సరి చేసి, పైనుంచి నున్నగా గీత గీశాను. జవాబు మారిన చోటికి వెళ్ళమని నేను రాసిన నియమం. ఎక్కడా మారకపోతే అది ఎక్కడికీ వెళ్ళలేదు. చివర్లో పదిహేను ప్రశ్నలు మిగిలిపోయాయి కూడా. అంచే దొరకలేదంటే చెవులు చాలా బాగున్నాయని రాసుకున్నాను. అదే వారం ఇంట్లో బాపుకు చేసిన పరీక్ష కూడా అట్లాగే వచ్చింది. ఆయన విషయంలో మాత్రం నాకు తెలుసు. తెలిసీ అట్లాగే రాశాను.

బుధవారం పొద్దున జగిత్యాలలో మేడమ్ ముందు రెండు ఊళ్ళ కాగితాలూ పెట్టాను. ఆమె అద్దాలు తీసి, తుడుచుకొని, మళ్ళీ పెట్టుకుంది.

"బీడీలు చేసేటోళ్ళకన్న సాంచాల మీది మొగోళ్ళకు చెవులు బాగున్నయా?"

"అట్లనే వచ్చింది మేడమ్."

"వచ్చింది సరే. ఖాళీ ప్రశ్నలకు ఏం జవాబులొచ్చినయ్?"

నేను నేల చూశాను. "తీసేసిన మేడమ్. ప్రశ్నలు సరిపోతలేవని."

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. బాపు కాగితానికి నేను రాసుకున్న నకలే ఎందుకో పైకి తీసి, అది బాపుదని తెలియకుండానే, దాని మీద పెన్సిల్‌తో కొట్టింది. "బావి లేదని రాసినవ్. నీ కట్టె నేలకు తాకిందా, ఎవరన్న కిందికెల్లి పట్టుకున్నరా?"

పన్నెండు గంటల బస్సు ఎక్కాను. కిటికీ పక్కన కూర్చొని హారన్లు వింటూ వచ్చాను. అంతకుముందు ఎప్పుడూ వాటిని అట్లా వినలేదు. లారీ హారన్ బొంగురుగా, కాగితం ఎడమ వైపున ఉంటుంది. బైకుది నడుమ. స్కూటీది ఇంకొంచెం కుడికి. వేములవాడ దాటాక బస్సు ముందు ఒక ఆడపిల్ల సైకిల్ మీద పోతూ బెల్లు కొట్టింది. అది కుడి చివర. ఒక్కొక్కటి ఏ గడిలో పడుతుందో లెక్క వేసుకున్నాను. ఎల్లుండి శుక్రవారం.

బస్సు దిగేసరికి బాపు ఆటోతో నిలబడి ఉన్నాడు. కడిగి, ముందు అద్దానికి పసుపు బొట్లు పెట్టి ఉంది. కొత్త ఖాకీ చొక్కా. "ఎక్కు బిడ్డ. మొదటి సవారి నువ్వే."

వెనుక కూర్చున్నాను. బండి కదిలాక, ధైర్యం చేసి, "బాపు, ఒక మాట చెప్పాలె," అన్నాను.

"చెప్పు," అన్నాడు వెంటనే.

ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే చూశాను. కుడి పక్క అద్దం, ఎడమ పక్క అద్దం, రెండూ లోపలికి తిరిగి ఉన్నాయి. రెండింటిలోనూ బాపు కళ్ళే. ఆ చూపు నా పెదవుల మీద.

సాంచాల షెడ్డులో ఎవరూ అరవరు. అరిచినా పక్క మనిషికి అందదు. పెదవులు కదుపుతారు, చేతులతో చెబుతారు. నూలు అయిపోయిందంటే ఒక సైగ, చాయ్ వచ్చిందంటే ఒక సైగ, యజమాని వస్తున్నాడంటే ఒక సైగ. కొత్తగా చేరినవాళ్ళు ఆ మూడోది అన్నింటికంటే ముందు నేర్చుకుంటారు. చిన్నప్పుడు నేను అన్నం డబ్బా తీసుకొని వెళితే బాపు దూరం నుంచే నా మాట అందుకునేవాడు. బళ్ళో సార్లు "గట్టిగ చెప్పు" అని విసుక్కునేవారు. చుట్టాలు "దీనికి నోరు లేదు" అనేవారు. బాపు ఒక్కడే నన్ను ఎన్నడూ "మల్ల చెప్పు" అని అడగలేదు. ఈ లోకంలో నా మాట వినబడేది బాపు ఒక్కడికే అని పదో తరగతిలో డైరీలో రాసుకున్నాను.

"ఏంది బిడ్డ, చెప్పు," అన్నాడు అద్దంలో చూస్తూ. మా వెనుక ఎవరో స్కూటీ మీద హారన్ కొడుతున్నారు. ఒకటి, రెండు, మూడు. బాపు పక్కకు జరగలేదు. స్కూటీ మట్టిలోకి దిగి, మమ్మల్ని దాటి పోతూ ఒకామె తిట్టింది. బాపు ఆమె పెదవులు చూసి, "గామెకేమైంది?" అన్నాడు.

"అద్దాలు ఎందుకట్ల తిప్పినవ్ బాపు?"

"సవార్లు యాడ దిగుతరో చెప్తె తెల్వాలె గద."

ఆ సాయంత్రం చెప్పలేకపోయాను. అమ్మ ఆటో చుట్టూ తిరిగి చూస్తోంది, మళ్ళీ ఏమీ అడగలేదు. నా కాగితం సెల్ఫులో దేవుడి పటం పక్కన ఉంది.

గురువారం మధ్యాహ్నం అమ్మ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానకు వెళ్ళింది. నేను ఫ్యాను ఆపి, తలుపు వేసి, స్టూలు జరిపాను.

"మల్లేంది? పాసైన గద?" అన్నాడు బాపు.

"మేడమ్ మల్లొక్కసారి చెయ్యమన్నది."

"మీ మేడమ్‌కు గూడ మీ అమ్మ లెక్క నమ్మకం లేదా?" అంటూనే హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. నా ఎదురుగా. ఈసారి ఆరు ఖాళీ ప్రశ్నలు చేర్చి ఉంచాను. మొదటి మూడు మామూలువి, మూడింటికీ వేలెత్తాడు. నాలుగోది ఖాళీది. వేలు నొక్కాను. ఫోన్ నుంచి ఏమీ పోలేదు.

బాపు వేలెత్తాడు.

ఇంకొకటి ఖాళీది. ఎత్తాడు. మూడోది నొక్కేటప్పుడు, బాపు ఎత్తకు, ఎత్తకు అని లోపల అనుకున్నాను. ఆయన కొంచెం ఆగి, కనుబొమ్మలు దగ్గరికి తెచ్చి, వేలెత్తాడు. "ఇది జెర సన్నగ ఇనవడ్డది," అన్నాడు.

అబద్ధం చెబుతున్న మొహం కాదు అది. ఆయనకు నిజంగానే వినబడింది.

నేను ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాను. "బాపు, అటు తిరిగి కూసో," అన్నాను.

"ఎటు?"

"గోడ దిక్కు."

ఆయన నా మొహం కేసి చూశాడు, నేను ఇంకేమన్నా అంటానేమోనన్నట్టు. తర్వాత లేచి, స్టూలును తనే తిప్పి, గోడకు ఎదురుగా కూర్చున్నాడు. మెడ మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి. చెవి వెనుక నూలు పీచు అంటుకొని ఉంది. చూపుడువేలు మోకాలి మీద సిద్ధంగా పెట్టుకున్నాడు.

బొంగురు శబ్దం. వేలు లేచింది. కొంచెం సన్నది. లేచింది. ఇంకొంచెం. లేవలేదు. గట్టిగా పెంచాను. లేవలేదు. ఇంకా పెంచినా లేవలేదు. జవాబు మారింది కాబట్టి నేను రాసిన నియమం నడుమకు వెళ్ళమంది. వెళ్ళాను. లేచింది. కొంచెం కుడికి. లేవలేదు. మళ్ళీ నడుమకు. ప్రశ్నలు దగ్గరదగ్గరగా వచ్చి ఒక చోట గుమిగూడాయి, కోరుట్లలో కూడా అంత శుభ్రంగా రాలేదు. గోడలాంటి అంచు. ఈ చివర ఒక నిలువు వరుస మొత్తం వినబడుతుంది, పక్క వరుసలో ఏమీ లేదు. చివరి ప్రశ్నలు దూరంగా కుడి కొసకు వేస్తే, బాగా గట్టిగా పెట్టినప్పుడు అక్కడ ఒకసారి వేలు కదిలింది. బావి అవతలి ఒడ్డు. మేడమ్ బోర్డు మీద గీసిన బొమ్మలాగే ఉంది. నా ప్రాజెక్టు మొదటిసారి పని చేసింది.

వెనుక నుంచే హెడ్‌ఫోన్ తీశాను. "అయిపోయింది బాపు," అన్నాను. తల కొంచెం వంచాడు, ఏదో చప్పుడైనట్టు తెలిసింది, మాట అందలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. ఆయన గోడనే చూస్తూ ఉన్నాడు, వేలు ఇంకా మోకాలి మీద అట్లాగే ఉంది. అప్పుడు నేను చుట్టూ తిరిగి, ఆయనకూ గోడకూ మధ్య నేల మీద కూర్చున్నాను.

కాగితం ఆయన చేతికిచ్చాను. ఎక్కడ తెగిందో ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ చోట వేలు పెట్టి, "లారీ?" అన్నాడు.

"లారీ ఇనవడ్తది బాపు. గీ దిక్కున్నది."

"గా దిక్కు?"

"స్కూటీ హారను. సైకిల్ బెల్లు. పిల్లలు ఒర్రితె అది." చివరికి, "అమ్మ ఎనుకకెల్లి పిలిస్తె అది," అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఖాకీ చొక్కా గోడకు తగిలించి ఉంది. దాన్ని చూశాడు. "నా దోస్తుకు నువ్వే ఫోన్ చెయ్యి. రేపు బాపు రాడని చెప్పు. ఫోన్ల నాకు మాట సమజ్ కాదు," అన్నాడు. ఫోన్ వస్తే ఆయన ఎప్పుడూ అమ్మ చేతికే ఎందుకిస్తాడో అప్పుడు తెలిసింది.

ఫోన్ చేశాను. అవతలాయన "ఎవలు? గట్టిగ మాట్లాడమ్మ," అన్నాడు. గట్టిగానే మాట్లాడాను, మాట అవతలికి అందింది. కారణం చెప్పలేదు, బాపు రేపటి నుంచి రాడు, ఆటో తీసుకుపొమ్మని మాత్రం చెప్పాను. మాట్లాడినంతసేపూ బాపు నా పెదవులు చూస్తూ కూర్చున్నాడు.

ఫోన్ పెట్టేసి సెల్ఫు దగ్గరికి వెళ్ళాను. దేవుడి పటం పక్కనున్న మొదటి కాగితం తీసుకొని రెండుగా చింపబోయాను. బాపు లేచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"అది చింపకు బిడ్డ. దాంట్ల నేను పాసైన."